"తాడు తెగిన పడవ" చివరి నాలుగు పేజీలు

తేది: 11-2-1986, మంగళవారం
చింతలగుంటపాలెం, మార్టూరు మీదుగా

జిల్లా గ్రంథాలయ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గడువు దాటిన "తాడు తెగిన పడవ" అను బాలల పుస్తకము తిరిగి ఇవ్వలేకపోవుట, మా అమ్మకు బాలల గదిలో ఒక్క గంట ప్రవేశము కోరుట గురించి.

ఈ ఉదయం పోస్టుమ్యాన్ అబ్దుల్ ఖాదర్ గారు మా నాన్న ప్రేమదాసు పేరిట ఒక కార్డు తెచ్చారు. నాన్నకు ఉత్తరం రావడం ఇదే మొదలు. ఆయన జ్వరంతో చనిపోయి పదహారు రోజులైంది. సదరు పుస్తకము ఏ స్థితిలో ఉన్నను వారంలోగా అప్పగించవలెనని కార్డులో ఉంది. అర్జీలో ఏడవకూడదని మా తెలుగు మాస్టారు చెప్పినందున అంకెలు వేసి రాస్తున్నాను.

1. మా నాన్న మిరప కోతల కూలీ. వయోజన విద్యా కేంద్రంలో నలభై ఆరో ఏట అక్షరాలు దిద్దాడు. ఎప్పుడూ పిల్లల పుస్తకాలే తెచ్చుకునేవాడు. "మీసాలు నెరిశాయి, ఇంకా బొమ్మల పుస్తకాలేనా ప్రేమదాసూ?" అని లైబ్రేరియన్ లక్ష్మీనరసింహం గారు నవ్వితే, "పెద్దోళ్ల పుస్తకాల్లో అందరికీ అన్నీ తెలుసండీ. వీటిల్లో అయితే నాలాగే అడుగుతా ఉంటారు" అన్నాడట.

2. కల్లంలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లకు, వారిలో మా అమ్మకు, మధ్యాహ్నం పూట సదరు పుస్తకం చదివి వినిపించేవాడు. పాస్టరు గారు వాక్యం చదివే తీరులోనే చదివేవాడు. గాలివానకు తాడు తెగి సముద్రంలోకి కొట్టుకుపోయిన పడవ తన జాలరిని వెతుక్కునే కథ అది. దూరాన దీపం కనిపించిన చోట ఆపాడు. ఇంకా నాలుగు పేజీలున్నాయన్నాడట. మర్నాడే జ్వరం.

3. సదరు పుస్తకానికి గ్రంథాలయం వారు నల్ల గుడ్డతో బైండింగు చేయించారు. మా ఇంట్లోని చిన్న కొత్త నిబంధన కూడా నల్లట్టదే. రెండూ ఒకే గూట్లో ఉండేవి. మా అమ్మ వీరమ్మకు చదువు రాదు. శవపెట్టె మూసేముందు, దేవుని వాక్యమనుకుని ఆ పుస్తకాన్ని ఆయన చేతుల కింద పెట్టింది. ఈ ఉదయం కార్డు చదివి గూడు వెతికితే కొత్త నిబంధన దొరికింది.

అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అట్ట తడిమి చూసింది. "వాక్యం లేకుండానే సాగనంపానా మీ నాన్నని?" అంది. తర్వాత, "పోన్లేమ్మా, మిగిలింది ఆయన చదువుకుంటాడు. ఆ పడవ ఒడ్డు చేరిందో లేదో మరి నాకెవరు చెబుతారు?" అంది.

నాకు తెలియదు. ఇంటర్ చదువుతున్నదాన్ని, చిన్నపిల్లల పుస్తకమని దాన్ని తెరవలేదు. నిఘంటువు చూసి రోజుకు పది మాటలు నేర్చుకుంటున్నాను. వాటిలో ఒక్కటీ ఈ ఉదయం అక్కరకు రాలేదు.

4. మధ్యాహ్నం లైబ్రరీకి వెళ్లాను. రెండో ప్రతి ఉంది. దాన్ని ఇంటికివ్వరు, బాలల గదిలోనే చదవాలి. పద్నాలుగేళ్లు దాటినవారికి ఆ గదిలో ప్రవేశం లేదు. ముగింపైనా చెప్పండని లక్ష్మీనరసింహం గారిని అడిగాను. పిల్లల పుస్తకం కదమ్మా, నేనూ చదవలేదన్నారు.

పుస్తకము ఉన్న స్థితి పైన వివరించితిని. దానిని తిరిగి అడగవద్దు. మా అమ్మ ఆ గదిలో కూర్చొనుటకు ఒక్క గంట అనుమతి దయచేయించవలెనని, ఇవన్నీ తమ చిత్తమునకు విన్నవించుకొనుచున్నాను.

తమ విధేయురాలు,
జయకుమారి

తా.క.: తమ ఉత్తర్వు వచ్చేదాకా అమ్మ ఆగలేదండీ. పక్కింటి జక్రయ్య గారి అమ్మాయి ప్రేమమ్మ నాలుగో తరగతి. రేపు ఉదయం లైబ్రరీ తీయగానే ప్రేమమ్మ లోపల కూర్చుని గట్టిగా చదువుతుంది. అమ్మా నేనూ బయట కిటికీ కింద నిలబడి వింటాం. ఎండలు ముదురుతున్నాయి, కిటికీ తెరిచే ఉంటుందని లక్ష్మీనరసింహం గారు అన్నారు. ప్రేమమ్మ ఇంకా కూడబలుక్కునే చదువుతుంది. ఎంతసేపైనా నిలబడతానంది అమ్మ.