మూడు నిమిషాల దూరం

అక్కా,

పాప ఎలా ఉంది? బాలింత, మీ అమ్మాయి సరిగ్గా తింటోందా? ఈ రెండూ అడిగేశాను కాబట్టి ఇక అసలు సంగతికొస్తాను. ఇప్పటికే మూడు కాగితాలు చింపాను. ఫోన్లో చెబుదామని నంబరు నొక్కి, మోగకముందే కట్ చేశాను.

మా ఎయిర్‌పోర్టుకి రాబోయే ఇరవయ్యేళ్ల ప్లాను నేనే గీస్తున్నానని నీకు తెలుసుగా. ఏ షెడ్డు ఎక్కడుండాలి, ఏ కాలువ ఎటు పోవాలి, ఏ గోడ పడగొట్టాలి, అన్నీ నా నెత్తినే. రోజుకి నాలుగు చిన్న విమానాలు దిగే చోటికి ఇంత ప్లానేమిటని బావ ఆటపట్టిస్తుంటాడు. అందులో ఫైరింజను సంగతి కూడా ఉంది. సైరన్ మోగిన మూడు నిమిషాల్లోపు అది రన్‌వే చివరికి చేరాలి. పోయిన వారం బావ నడుపుతుంటే స్టాప్‌వాచ్ పట్టుకుని పక్కన కూర్చున్నాను. మూడుసార్లు వెళ్లాం. మూడుసార్లూ నాలుగు నిమిషాలు దాటింది.

పెట్రోలు ట్యాంకు దగ్గర మలుపులో బావ తడుముకుంటున్నాడు. మెడ మొత్తం కుడివైపు తిప్పి, ఆగి, మళ్లీ చూసి, అప్పుడు కదులుతాడు. మూడోసారి అటునుంచి గడ్డి కోసే ట్రాక్టరు వస్తోంది. ఎర్రగా, అంత ఎత్తున! నేను "బావా!" అని అరిస్తేగానీ బ్రేకు పడలేదు. "ఎండ కళ్లలో కొట్టింది" అన్నాడు. ఆకాశం నిండా మబ్బే అక్కా.

నన్ను సైకిలు మీద బడికి దించినవాడు. నాన్న పోయాక నా చదువు ఆగకుండా చూసినవాడు. రిటైరవడానికి ఇంకా రెండేళ్లు. నిజం రాయలేకపోయాను. "ఫైర్ స్టేషను దూరంగా ఉంది, దగ్గరికి మార్చాలి" అని రాసేశాను.

ఆ మాట పట్టుకుని మా మేనేజరు తెగ హుషారుగా ఉన్నాడు. కొత్త స్టేషను కోసం మెకానిక్ పెద్దాయన షెడ్డు తీసేస్తారట. ఆయన నిన్న నా బల్ల దగ్గరికొచ్చి, "అమ్మాయ్, పోనీ నాలుగు గజాలు పక్కకి జరపలేవా?" అని అడిగాడు. జరగదని తెలిసి కూడా పెన్సిలు తీసి జరిపి చూపించాను. శుక్రవారం మునిసిపల్ మీటింగు. సరేనన్నారంటే నా అబద్ధం మీద కాంక్రీటు పోస్తారు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే నడవాలనిపిస్తోంది. ఏం చెయ్యను? నాలుగు ముక్కలైనా రాయి.

నీ పిట్ట

అక్కా,

నీ జవాబు రాలేదు. శుక్రవారం మాత్రం వచ్చేసింది.

ముందురోజు మధ్యాహ్నం బావ ఫైరింజను కడుగుతుంటే వెళ్లాను. "కుడికన్ను ఎన్నాళ్లనుంచి బావా?" అన్నాను. పైపులోంచి నీళ్లు పోతూనే ఉన్నాయి.

"రెండేళ్లే కదా పిట్టా. ఇరవయ్యారేళ్లలో ఇక్కడ ఒక్క విమానం కాలిందా?"

"కాలితే?"

పైపు అక్కడే పడేసి వెళ్లిపోయాడు. కుళాయి నేనే కట్టేశాను.

మీటింగులో నా వంతు రాగానే లేచి, "నేను రాసింది తప్పు. స్టేషను దూరం కాదు. ఇంకో డ్రైవరుతో మళ్లీ చూడండి" అన్నాను. మేనేజరు మొహం మాడిపోయింది. మర్నాడు చూశారు. రెండు నిమిషాల నలభై సెకన్లు. షెడ్డు నిలిచింది. బావని బండి దింపి కంటి డాక్టరు దగ్గరికి పంపారు. నాకు మెమో ఇచ్చారు. ప్లాను మాత్రం నా చేతిలోనే ఉంచారు, ఎందుకో తెలీదు.

మూడు రోజులుగా బావకి నాతో మాటల్లేవు. క్యారియర్ తీసుకెళ్తే గుమ్మంలోనే అందుకుని తలుపేసుకుంటున్నాడు. నీ కాపురంలో నిప్పులు పోశానేమో. తిట్టు, పడతాను. కానీ రాయి.

నీ పిట్ట

పిట్టా,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిదానికి రాయనిది తీరిక లేక కాదు.

మీ బావ కన్ను సంగతి నాకు మూడేళ్లుగా తెలుసు. ఏటా పరీక్షలో ఎడమకన్ను మూసి అట్ట మీది అక్షరాలు చదవమంటారు కదా, ఆ వరసలు కంఠతా పట్టించింది నేనే. ఒకసారి వెంట వెళ్లి చీటీ మీద ఎక్కించుకొచ్చాను. నేను కూర తరుగుతూ అడిగేదాన్ని, ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ అప్పజెప్పేవారు. నవ్వుకునేవాళ్లం కూడా. ఆయన డ్యూటీకి వెళ్లాక మాత్రం నవ్వొచ్చేది కాదు. సైరన్ వినిపిస్తే పొయ్యి కట్టేసి వీధిలో నిలబడేదాన్ని. మనవరాలి వంకతో అమ్మాయింటికి వచ్చి నాలుగు నెలలైనా ఇక్కడినుంచి కదలనిది అందుకే. ఇక్కడికి ఆ సైరన్ వినపడదు.

నీ మొదటి ఉత్తరం చూసి "నోరు మూసుకుని ఊరుకో" అని రాశాను. డబ్బాలో వెయ్యలేకపోయాను. "చెప్పెయ్" అని రాయడానికీ చెయ్యి రాలేదు. నా పని నీ మీద పడేశాను.

కోపం లేదని అనను, ఉంది. నిన్న ఆయన ఫోన్ చేశారు. కుడికంటి నరం ఎండిపోయిందట, ఆ చూపు ఇక రాదట. ఎడమదానికీ అదే జబ్బు మొదలైందట, మందు వేస్తే చూపు నిలబడుతుందట. "ఇంకో రెండేళ్లు ఇలాగే నెట్టుకొస్తే రెండోదీ పోయేదన్నాడు డాక్టరు" అన్నారు. ఇప్పుడీ కోపాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఆదివారం బస్సుకి వస్తున్నాను. అప్పటిదాకా ఒక పని చెయ్యి. పొద్దునా సాయంత్రం ఆయన కంట్లో చుక్కలు వెయ్యాలి. తనంతట తను వేసుకుంటే సగం చెంప మీదే పడుతున్నాయట. నువ్వు వెళ్లు. ఆయన మాట్లాడరు, నువ్వూ కదిలించకు. కుర్చీ వెనక నిలబడు, తల వెనక్కి వాలుస్తారు.

ఆ పూటకి అది చాలు.

మీ అక్క