చూడ్డానికి వచ్చేవాళ్ళు

జూన్ 2

ఓనరు గారు అద్దె పెంచమన్నారు. మా వల్ల కాదని మావారు చెప్పేశారు. అయితే నెలాఖరులోగా తను అడిగినంత ఇచ్చేవాళ్ళు దొరికితే మేం ఖాళీ చెయ్యాలట. దొరక్కపోతే పాత అద్దెకే ఉండొచ్చట. రేపటి నుంచి బ్రోకర్ మనుషుల్ని తీసుకొస్తాడు, తలుపు తియ్యమ్మా అన్నారు. సరేనండీ అన్నాను.

పెళ్ళయిన మూడేళ్ళలో ఇది నాలుగో ఇల్లు. పక్క ఫ్లాట్ అక్కతో నోరు విప్పి మాట్లాడ్డానికే నాకు ఎనిమిది నెలలు పట్టింది. మళ్ళీ ఇంకో చోట మొదలుపెట్టే ఓపిక లేదు.

జూన్ 4

ఇద్దరు వచ్చారు. అడగకుండానే బీరువా తెరిచి నా బట్టలన్నీ చూశారు. నేను వంటింటి గోడకి ఆనుకుని నిలబడ్డాను. బాత్రూమ్ మరీ చిన్నదట. నాకెప్పుడూ అలా అనిపించలేదు.

జూన్ 9

రోజూ ఎవరో ఒకరు. ఎప్పుడొస్తారో తెలియదు, స్నానం కూడా హడావుడే. ఐదింటికే లేచి ఇల్లు తుడిచి, స్టవ్ తోమి, పక్క మీద ముడత లేకుండా దుప్పటి పరుస్తున్నాను. ఈరోజు బ్రోకర్ తెగ మెచ్చుకున్నాడు. చెల్లెమ్మా, ఇల్లు అద్దంలా పెట్టావు, ఇలాగే ఉంచు, వారంలో పోతుంది అన్నాడు. నేను సిగ్గుపడి నవ్వాను కూడా.

అతను మెట్లు దిగాక గానీ అర్థం కాలేదు.

జూన్ 10

అక్కకి చెప్పాను. పడీ పడీ నవ్వింది. పిచ్చిమొహమా, నీ సామాను నువ్వే మెట్ల మీదకి గిరాటేస్తున్నావే అంది. రేపు చీపురు ముట్టుకున్నావో, చెయ్యి విరగ్గొడతా అంది. మావారిదీ అదే మాట. రెండు రోజులు అంట్లు తోమకపోతే కొంప మునగదులే అన్నారు. ఆయనకేం, పొద్దున్నే డ్యూటీకి పోతారు. ఆ అంట్ల మధ్య నిలబడి పరాయివాళ్ళకి తలుపు తీసేది నేను.

జూన్ 11

చేతకాలేదు. బెల్ మోగగానే చీపురు చేతిలోకి వచ్చేసింది.

జూన్ 13

ఎవరూ రాలేదు. నిద్రపోయాను.

జూన్ 17

ఓనరు గారి ఫోన్. ఒకాయనకి ఇల్లు నచ్చిందట. అద్దెకి కూడా ఒప్పుకున్నాడట. శుక్రవారం భార్యని తెచ్చి చూపిస్తాడట. ఆవిడ ఊ అంటే ఖాయం.

జూన్ 20, పొద్దున 9

చేశాను. నిన్నటి అంట్లు సింకులో అలాగే ఉన్నాయి. ఆరిన బట్టలు హాలు మధ్యలో కుప్ప పోశాను. పక్క ఎత్తలేదు. తల దువ్వుకోలేదు. నా ఇంట్లో నేనే దొంగలా కూర్చున్నాను. చేతులు ఊరుకోవడం లేదు.

అదే రోజు, మధ్యాహ్నం

ఇల్లు నచ్చిందన్న ఆ మనిషి గుమ్మంలోనే ముక్కు చిట్లించాడు. ఏంటి చెల్లెమ్మా, ఒంట్లో బాగాలేదా అన్నాడు బ్రోకర్. నేను పక్కకి జరిగి దారిచ్చాను.

భార్య చంకలో నెలల పాప. ఆవిడది నా వయసే ఉంటుంది. అటూ ఇటూ చూసి, నా బట్టల కుప్ప పక్కనే చతికిలబడింది. పాపకి పాలు పట్టింది. ఇన్ని ఇళ్ళు చూశానండీ, ఎక్కడా కూర్చోవాలనిపించలేదు, ఇక్కడ ప్రాణం కుదుటపడింది అంది. అత్తగారింట్లో గ్లాసు పక్కకి జరిగినా మాటేనట. ఈ ఇల్లే కావాలని అక్కడే భర్తకి తేల్చి చెప్పింది.

నాకు ఏడుపు రావాలి. ఆ పాప కుప్పలోంచి నా దుప్పటి అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. లాక్కోబుద్ధి కాలేదు. ఒక గ్లాసు కడిగి, ఆవిడకి మంచినీళ్ళిచ్చాను.

జూన్ 21

అంట్లన్నీ తోమేశాను.

జూన్ 27

ఇంకా మూడు రోజులే. ఇప్పుడు చూడ్డానికి వెళ్ళేది మేం. రెండు వీధుల అవతల ఒక ఫ్లాట్, మా అద్దెకే వస్తుందట. అందులో ఉన్నవాళ్ళు ఇంకా ఖాళీ చెయ్యలేదు, ఎవరికైనా నచ్చితే అప్పుడు చెయ్యాలట. ఇల్లు కాస్త చిందరవందరగా ఉంటుంది, ఏమీ అనుకోకండి అన్నాడు బ్రోకర్. ఆ ఇంటావిడ వంటింట్లో మాకు వీపు చూపించి నిలబడింది. సింకు నిండా గిన్నెలు. దగ్గరికెళ్ళి చూశాను. ఒక్కదానికీ ఎంగిలి లేదు. కడిగినవే తెచ్చి పోసింది.

ఇల్లు నాకు నచ్చలేదని చెప్పాను. అందరికీ వినబడేలా, నేనే చెప్పాను.