తోక పదవి

కూనబారాబ్రన్,
సెప్టెంబర్ 14, 1994

చిరంజీవి టెస్‌కు,

మీ అమ్మమ్మ మ్యూరియల్ ఆశీస్సులు. ఇక్కడ నేనూ కోళ్ళూ క్షేమం. అక్షరదోషాలు తప్ప నువ్వూ క్షేమమేనని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను.

ముందు ఒక తప్పు దిద్దాలి. నేను ఇంకోసారి ఆ కొండ మీద కూలబడితే మీ అమ్మ నన్ను మీ ఇంటికి పట్టుకుపోయి కూర్చోబెడుతుందని రాశావు. మేమెక్కే ఆ 'పాదిరిగారి వేలు' అసలు కొండ కాదు. కొండను కోటిన్నర ఏళ్ళుగా వానలు కడిగేశాయి. ఆ అగ్నిపర్వతం గొంతులో గడ్డకట్టిన రాయి ఒక్కటే మిగిలింది. ఈ మాట చెబితే నెవిల్, ఒళ్ళంతా అరిగినా గొంతు మాత్రం తగ్గలేదన్నమాట టీచరుగారూ, అన్నాడు. నా దగ్గర భూగోళం రెండుసార్లు తప్పినవాడు. ఇప్పుడు మా నడక సంఘానికి నాయకుడు.

ఇరవై రెండేళ్ళు అది నా పదవి. ఈ ఏడు నన్ను 'తోక'ను చేశారు. అంటే వరుసలో ఆఖరి మనిషిని. గౌరవమట. సరే, నియమాలు రాసింది నేనే కదా: దారి చీలిన ప్రతిచోటా తోక చేరేదాకా తల కదలకూడదు, తోక రానిదే ఎవరూ అన్నం డబ్బా విప్పకూడదు.

శనివారం మొదటి చీలిక దగ్గర వాళ్ళను ఇరవై నిమిషాలు నిలబెట్టాను. రెండోదాని దగ్గర అరగంట. నేను వెళ్ళేసరికి పోస్టాఫీసు డోరీన్, ఈవిడ వచ్చేలోగా ఈ రాయి కూడా అరిగిపోతుంది, అని గొణుగుతోంది. భోజనాలకు రెండున్నరయింది. ఆకలితో చచ్చేకంటే వచ్చే నెల నుంచి టీచరుగారినే ముందు పెడదామని చివరికి ఆవిడే అంది. చూశావా, పోయిన పదవి కూర్చుని సంపాదించాను.

మీ అమ్మకు ఇక్కడిదాకానే చదివి వినిపించు.

ప్రేమతో,
అమ్మమ్మ

తా.క. కూర్చున్నది పంతానికి కాదు. రెండో చీలికకు ముందు మోకాలు మొరాయించింది. వెతుక్కుంటూ వెనక్కి వచ్చిన నెవిల్ నన్ను లేపి నిలబెట్టాడు. నా సంచిలో బరువంతా తన సంచిలోకి మార్చుకుని, ఖాళీ సంచి నా భుజాన తగిలించాడు. ఆ తర్వాత తన బూటులో రాయి పడిందని అందరినీ అయిదుసార్లు ఆపాడు. అన్ని రాళ్ళు పట్టే బూటు కాదది.

వచ్చేటప్పుడు టామ్‌వర్త్ బజారులో ఆగి, తాతయ్య చేతికర్ర అడుగున వేసే రబ్బరు తొడుగు తీసుకురా. కర్ర మందం పంతొమ్మిది మిల్లీమీటర్లు, కొలిచాను. నల్లది వద్దు, ఈ దారి మట్టి రంగుది చూడు. రెండు కొను. ఒకటి అరిగాక కూడా నడవాలి.