నాబ్ పది మీదే ఉంది

పై వాటా మేడమ్ గారికి, కింద నుంచి ఇంటి యజమాని నమస్కారాలు.

మీరు గిటార్ ఎత్తుకోగానే నా బల్ల మీద వాచీల స్క్రూలు నడక మొదలుపెడుతున్నాయి. మా ఆవిడైతే చేస్తున్న పని వదిలేసి కిటికీ దగ్గరకెళ్ళి నిలబడుతోంది, పాపం. పాత రేడియోల్లోలాంటి వాల్వులున్న మీ ఆంప్లిఫయర్ నోరు మూయించండి. లేదంటే నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయండి.

ఇట్లు,
వాచీలు బాగుచేసుకుని బతికేవాణ్ణి

తా.క.: ఒక స్క్రూ ఇంకా దొరకలేదు.

~

బాబాయి గారికి,

క్షమించండి. కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చాక నాకున్న ఊరట ఆ గిటారొక్కటే. దాంతో సహా నన్ను రానిచ్చే ఇల్లు ఇంకెక్కడా దొరకదు. అందుకే అటెన్యుయేటర్ అనే పెట్టె కొన్నాను. ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్య కూర్చుని శబ్దాన్ని చాలావరకు మింగేస్తుంది. నిన్న సాయంత్రం వాయించాను. వినపడిందా?

మీ పై వాటా

తా.క.: వినపడలేదంటే సంతోషం. కాస్త బాధ కూడా.

~

మేడమ్ గారూ,

సాయంత్రం మాట సరే, ఇవాళ మధ్యాహ్నం ఇల్లదిరిపోయింది! మొన్న కుళాయి చూడ్డానికి పైకొచ్చినప్పుడు చూశానుగా, మీ ఆంప్ నాబ్ పది మీదే ఉంది. పది తర్వాత అంకె కూడా లేదు! నా చెవిలో పువ్వు పెడతారా?

ఇట్లు,
యజమాని

తా.క.: మా ఆవిడ ఆ గోల పడలేక మధ్యాహ్నాలు బజారుకు పోతోంది.

~

బాబాయి గారికి,

నాబ్ పది మీద ఉండాల్సిందే. వాల్వులు పూర్తి బలంతో పనిచేస్తేనే స్వరానికి ఆ గరుకుదనం వస్తుంది. ఎక్కువైన బలాన్ని పెట్టె మింగి వేడిగా వదిలేస్తుంది. ఇక మధ్యాహ్నాలు నేను క్లాసులో ఉంటాను. ఉంటాననే అనుకుంటున్నాను. మీరింత గట్టిగా అంటుంటే నా మీద నాకే అనుమానంగా ఉంది. వేరే ఇల్లు వెతుక్కుంటున్నాను.

మీ పై వాటా

తా.క.: విద్యార్థులను అడిగాను. క్లాసులోనే ఉన్నానట.

~

అమ్మాయీ,

ఇవాళ మోత మొదలవగానే నిన్ను పట్టుకుందామని మెట్లెక్కాను. తలుపు ఓరగా తీసుంది. లోపల మా ఆవిడ. బజారు సంచి పక్కన, నీ గిటార్ ఒళ్ళో. మా దగ్గరుండే మారు తాళంచెవితో వచ్చినట్టుంది, శబ్దం మింగకుండా ఆ పెట్టెకున్న నాబ్ కూడా తనే తిప్పినట్టుంది. కళ్ళు మూసుకుని వాయిస్తోంది. ఇన్నేళ్ళ కాపురంలో తనకి వాయించడం వచ్చని నాకు తెలియదు. చప్పుడు చేయకుండా దిగి వచ్చేశాను.

ఇల్లు ఖాళీ చేయకు. తనతో ఏమీ అనకు, తెలిస్తే మానేస్తుంది.

ఇట్లు,
బాబాయి

తా.క.: సంచి ఊపుకుంటూ వచ్చి "పైన మళ్ళీ అదే గోలా?" అని నన్నే అడిగింది. "రేపూ తప్పేట్టు లేదు" అన్నాను.