తమరు అంటేనే పలుకుతాను

నవంబర్ 1, 1593. సెగోవియా. పునీతులందరి పండుగ.

వచ్చింది! పదకొండేళ్ళ వ్యాజ్యం తర్వాత వయ్యదోలిద్ న్యాయస్థానం నుంచి పత్రం వచ్చింది. తోలు అట్ట, పట్టు దారం, సీసపు ముద్ర. బల్తసార్ దె ఒంతోరియా, అంటే నేను, పుట్టుకతోనే పెద్దమనిషినని అందులో రాసి ఉంది. నాకు ముందే తెలుసు. ఇక ఊరికి తెలియాలి.

తీర్మానం: ఈ రోజు నుంచి నన్ను 'తమరు' అన్నవాళ్ళకే జవాబు. 'మీరు' అంటే నాకు చెవుడు. మా తాత కాలంలో 'మీరు' పెద్ద మర్యాదే. వాడగా వాడగా అరిగిపోయింది. ఇప్పుడు గాడిదలు తోలేవాణ్ణి తిట్టేటప్పుడు కూడా మీరు అనే తిడుతున్నారు. 'నువ్వు' సంగతి చెప్పనక్కర్లేదు.

ముందుగా నా భార్య బ్రిహిదకి చెప్పాను. "అలాగే తమరూ. పొయ్యిలోకి కట్టెలు తెండి తమరూ" అంది.

శుభారంభం. (కట్టెలు తెచ్చాను.)

నవంబర్ 2.

పొద్దున్నే రొట్టెల కొట్టుకి వెళ్ళాను. కొట్టు కితేరియాది. "మీకు రెండా, మూడా?" అంది. పలకలేదు. మళ్ళీ అడిగింది. పైకప్పు వైపు చూశాను. మూడోసారి అడిగి నా రొట్టెలు వెనకవాడికి ఇచ్చేసింది.

మధ్యాహ్నం: రొట్టె లేని చారు. బ్రిహిద ఖాళీ రొట్టెల బుట్టని నా ముందు బోర్లించింది. భయమేసింది.

అయినా మనసు గట్టిగా ఉంది. కడుపే కాస్త మెత్తబడింది.

నవంబర్ 4.

అసలు పరీక్ష ఈ రోజే. లెస్మెస్.

ముప్పై ఏళ్ళ స్నేహం మాది. ఏటి ఒడ్డున వాడికి అద్దకం కొట్టం ఉంది. చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ నీలమే. ఏటా మార్టిన్ పండుగకి ఇద్దరం కలిసి పందిని కోస్తాం. వాడిది కత్తి, నావి వెనక కాళ్ళు. అంటే పట్టుకునేది నేను.

"ఏరా బల్తా, ఈసారి పందిని చూశావా? ఒళ్ళు బరువై నడవనంటోంది" అన్నాడు.

చుట్టూ వాడి పనివాళ్ళు నలుగురున్నారు. గుండె దిటవు చేసుకుని చెప్పేశాను. "లెస్మెస్, నలుగురిలో నన్ను తమరు అనాలి. పత్రం వచ్చింది కదా."

తొట్టిలో కర్ర తిప్పుతున్న లెస్మెస్ ఆపేశాడు. "ఎప్పటి నుంచి?"

"ఒకటో తారీఖు నుంచి."

"అయితే మూడు రోజులుగా తప్పు చేస్తున్నానన్నమాట. తమరు క్షమించాలి" అని టోపీ తీశాడు. పనివాళ్ళు తొట్టిలోకి చూస్తూ నిలబడ్డారు.

గెలిచాను. ఇంటికొచ్చాక ఎందుకో తిండి సహించలేదు. చలి వల్ల అయి ఉంటుంది.

నవంబర్ 6.

మంగలి ఆంతొలిన్ నాకంటే తెలివిమీరాడు. తమరు అనడానికి వాడికి నోరు రాదు. మీరు అంటే నేను పలకను. అందుకని నా గడ్డం చేత్తో పట్టుకుని, నేను అక్కడ లేనట్టు, "ఆయనకి మీసం ఉంచాలో తీయాలో మరి" అన్నాడు.

జవాబు చెప్పవచ్చా? తీర్మానంలో 'ఆయన' ప్రస్తావన లేదు. ఆలోచించేలోపు సగం మీసం పోయింది.

సాయంత్రానికి ఈ పద్ధతి ఊరంతా పాకింది. కితేరియా నా మొహంలోకి చూస్తూనే, "ఆయన ఈ రోజైనా తింటాడా?" అని అడిగింది. మూడు అన్నాను.

ఇది సడలింపు కాదు. ఆకలి అసలే కాదు. 'ఆయన' గురించి నేనేమీ ఒట్టు పెట్టుకోలేదు, అంతే.

నవంబర్ 8.

వంతెన మీద లెస్మెస్ ఎదురయ్యాడు. పక్కకి తప్పుకుని, టోపీ తీసి, "తమరి ఆరోగ్యం ఎలా ఉంది?" అన్నాడు. సగం మీసం చూసి కూడా నవ్వలేదు. ముప్పై ఏళ్ళలో వాడు నన్ను చూసి నవ్వని రోజు లేదు.

పంది సంగతి అడిగాను.

"తమవంటివారు పంది కాళ్ళు పట్టుకోవడమా? ఎంత మాట. మా బావమరిదిని రమ్మన్నాను."

ఆ బావమరిదికి పంది కాలికీ బల్ల కాలికీ తేడా తెలియదు.

డైరీలో అబద్ధం రాయకూడదు. ఏడుపొచ్చింది.

నవంబర్ 9.

సాయంత్రం ఆరు. సందులో నడుస్తున్నాను. పైకిటికీ తెరుచుకుంది. "నీళ్ళు పోస్తున్నా! కింద ఉన్న మీరు, జరగండి!" అని ఒకావిడ కేక వేసింది. పారబోసే ముందు కేక వేయాలన్న ఊరి నియమం ప్రకారమే వేసింది. కానీ మీరు అంది.

జరగలేదు.

అవి నీళ్ళు కావు.

బ్రిహిద తలుపు తీయలేదు. "తమరు ఈ అవతారంలో లోపలికి వస్తే తమరి పత్రానికే అవమానం" అంది లోపలినుంచే. దాంతో లెస్మెస్ కొట్టానికి పోయాను. ఏ వేళప్పుడైనా వేడినీళ్ళు ఉండేది అక్కడే. పనివాళ్ళు వెళ్ళిపోయారు, వాడొక్కడే ఉన్నాడు.

"తమరు దయచేయండి. తమరు చొక్కా విప్పండి." చెంబుకొక తమరు చొప్పున పోశాడు.

"ఒరేయ్, ఒక్కసారి నువ్వు అనరా" అన్నాను.

"అంత చనువు మాకు తగదు." ఇంకో చెంబు.

"పత్రం రాకపోయినా తట్టుకునేవాణ్ణి రా. నువ్విలా మాట్లాడితే తట్టుకోలేను."

చెంబు కింద పెట్టాడు. నీలం చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "నా పనివాళ్ళ ముందు అడిగావు" అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తప్పైందన్నాను.

"తల అలాగే వంచి ఉంచు. చెవి వెనకాల ఇంకా ఉంది. కంపుకొట్టి చస్తున్నావు."

వయ్యదోలిద్‌లో న్యాయమూర్తులంతా కూర్చుని రాసిన తీర్పు కూడా నాకింత హాయినివ్వలేదు.

నవంబర్ 10.

తీర్మానం రద్దు. బ్రిహిద "నువ్వు కట్టెలు తే" అంది. ఎంత బావుందో.

నవంబర్ 11. మార్టిన్ పండుగ.

పొద్దున్న చర్చి బయట నగరసభ సభ్యుడు దోన్ హెరోనిమో, "మీరు కులాసాయేనా?" అన్నాడు. టోపీ తీయలేదు, ఊరికే వేలితో తాకి వదిలేశాడు. నన్ను చూసి! ఇంటికొచ్చి పత్రం మళ్ళీ మొదటినుంచి చదివాను. ఒళ్ళు మండిపోయింది.

తీర్మానం మళ్ళీ మొదలు. ఈ క్షణం నుంచే. మినహాయింపులు: బ్రిహిద. కితేరియా, రొట్టెలున్నంత కాలం. ఆంతొలిన్, మీసం పెరిగేదాకా. కిటికీల్లోంచి కేకవేసేవాళ్ళు అందరూ. లెస్మెస్, ఎవరూ లేనప్పుడు.

తొమ్మిది గంటలు. వీధిలో గోల. కిటికీలోంచి చూశాను. లెస్మెస్, వాడి పంది, పంది చేత తన్నించుకుని కూర్చున్న బావమరిది, పనివాళ్ళు నలుగురు, ఆగి చూస్తున్న దోన్ హెరోనిమో.

"ఒరేయ్ బల్తా! ఈ పందీ కదలదు, నువ్వూ కదలవు. దిగొచ్చి కాళ్ళు పట్టుకోరా!"

దోన్ హెరోనిమో తలెత్తి నా కిటికీ వైపే చూస్తున్నాడు. నా జవాబు కోసం వీధంతా ఆగింది.

"వస్తున్నా రా" అన్నాను.

పైన 'ఎవరూ లేనప్పుడు' అని రాసింది కొట్టేశాను. పాత చొక్కా వేసుకోవాలి.

తీర్మానం రేపటి నుంచి.