చెల్లి గదిలో సెంటు వాసన

జూన్ 3
నెల తిరక్కుండా ఇది నాలుగో స్ప్రే డబ్బా. చెమట పడుతోందంటుంది చెల్లి. ఇంట్లో కూర్చుని పరీక్షకి చదివే పిల్లకి అంత చెమటేమిటి? ఆడపిల్ల సెంటు కొట్టుకుంటే నీకెందుకురా, ఫ్రిజ్‌లు బాగుచేసేవాడివి ఫ్రిజ్‌లు చూసుకో అని అమ్మ నన్నే కసిరింది.

జూన్ 9
చెల్లి మూతి చుట్టూ ఎర్రగా పొక్కింది. లిప్‌స్టిక్ పడలేదంది.

జూన్ 14, మధ్యాహ్నం
దొరికిపోయింది. మంచం కింద పదకొండు ఖాళీ డబ్బాలు. ఇంకొకటి మూతికి ఆనించుకుని పీలుస్తోంది. నాలుక మడతపడుతోంది. లాక్కోబోతే ఇస్త్రీపెట్టె విసిరింది. నా కనుబొమ్మ చిట్లింది. మూడు కుట్లు. అడ్డొచ్చిన అమ్మని గోడకేసి నెట్టింది. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే పిల్ల!
కుట్లు వేసినవాడికి తలుపు తగిలిందని చెప్పింది అమ్మ.

జూన్ 15
చెల్లి వెక్కివెక్కి ఏడ్చింది. పరీక్ష రెండోసారి పోయిన రోజు మొదలుపెట్టిందట. పీలిస్తే రెండు నిమిషాలు బుర్రలో ఏమీ ఉండదన్నయ్యా అంది. మందు కాదు, గంజాయి కాదు, సెంటే కదా అంది. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. ఆ డబ్బాలో ఉండేది మేము ఫ్రిజ్‌ల్లో నింపే జాతి గ్యాసే. రోజూ దానితో పనిచేసేవాడిని, నాకే తట్టలేదు.
సెంటు డబ్బాలన్నీ పారేశాను. డాక్టర్ దగ్గరికి వెళ్దామన్నాను. నలుగురికీ తెలిస్తే దాని బతుకేం కావాలిరా అంది అమ్మ. నేనూ ఊరుకున్నాను.

జూన్ 22
ఇవాళ ముగ్గురం కలిసి నవ్వాం.

జూన్ 29
రెండు రోజులకి పెన్ను పట్టుకోగలిగాను. ఉన్నదున్నట్టు రాస్తాను.
ఇరవై ఏడున ఉదయం అమ్మ కూరగాయలకి వెళ్ళింది. బాత్‌రూమ్‌లోంచి బుస్సుమని చప్పుడు. తలుపు తన్నాను, గడియ ఊడిపోయింది. దోమల మందు డబ్బా. దాన్ని పారేయాలని తోచలేదు నాకు. జుట్టు పట్టుకుని ఈడ్చాను. మోచెయ్యి కొరికింది. చెంప పగలగొట్టాను. చావు, పీడా పోతుంది అన్నాను. అన్నాను.
విడిపించుకుని మెట్ల మీదుగా పరిగెత్తింది. అరుస్తూ వెంటపడ్డాను. గేటు దగ్గర వెనక్కి తిరిగి చూసింది. అన్నయ్యా, కొట్టకు అంది. కూలిపోయింది. కాలు జారలేదు. ఏదీ తగల్లేదు. ఆస్పత్రికి చేరేసరికే పోయింది.
డాక్టరమ్మ చెప్పింది. ఆ గ్యాసు ఒంట్లో ఉన్నప్పుడు గుండె ఏ కాస్త దడనీ తట్టుకోలేదట. భయపడినా, పరిగెత్తినా ఆగిపోవచ్చట. మొదటిసారి పీల్చినా అంతేనట. అలా కనిపిస్తే అరవకూడదట, తరమకూడదట. మెల్లగా మాట్లాడి గాలి తగిలేచోట కూర్చోబెట్టి, సాయం పిలవాలట.
అప్పుడు గొడవేమైనా జరిగిందా అని అడిగింది. పక్కన అమ్మ ఉంది. లేదన్నాను.

జూలై 4
చెల్లికి సెంటు డబ్బాలు అమ్మిన వీధి చివరి కొట్టుకి వెళ్ళాను. స్పానర్‌తో అద్దాల బీరువా పగలగొట్టాను. కొట్టాయన పెదవి చిట్లేలా కొట్టాను. నాకేం తెలుసు బాబూ, సెంటే కదా అన్నాడు. చెయ్యి ఆగిపోయింది.
నలుగురు పట్టుకొచ్చి ఇంట్లో పడేశారు. చెల్లిని కాపాడాలని వెనకాలే పరిగెత్తాడండీ, మతి చలించింది వాడికి అని వాళ్ళకి దణ్ణం పెట్టింది అమ్మ.

జూలై 8
అమ్మకి చెప్పేశాను. మొత్తం. చావమన్న మాటతో సహా. చెప్పుతో కొట్టింది. చెప్పు తెగితే గరిటెతో కొట్టింది. నేను కదల్లేదు.

జూలై 9
ఏ చేత్తో కొట్టావురా అని అడిగింది. చూపించాను. ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నమంతా అలాగే కూర్చుంది.