ఫ్రేములో బిడ్డ పెళ్లి

రాజవ్వా,

మన బిడ్డ లావణ్య పెళ్లి ఈ పొద్దున అయిపోయింది. నేను ఇక్కడ గల్ఫ్‌లో, రువైస్‌లోనే ఉన్నాను. సెలవు అడిగితే మా ముదీర్, అదే మేనేజరు, "కామ్ బహుత్ హై, అగ్లే మహీనే జావ్" అన్నాడు, పని చాలా ఉంది, వచ్చే నెల పొమ్మని. నువ్వు పోయినప్పుడూ ఇదే మాట అన్నాడు.

ఇంటర్నెట్‌లో పంపిన ఫోటోలు వైరు లేకుండానే వచ్చి కనిపించే ఫ్రేము ఒకటి కొన్నాను. తమ్ముడి కొడుకు నెట్ సెంటర్ నుంచి పంపుతుంటే మంచం మీద కూర్చుని చూశాను. బిడ్డ నీ ఎర్రంచు పట్టుచీర కట్టుకుంది. కన్యాదానం తమ్ముడూ మరదలూ చేశారు.

మధ్యాహ్నం లావణ్య ఫోన్ చేసింది.

"బాపూ, ఫోటోలు మంచిగ ఒచ్చినయా?"

"ఒచ్చినయి బిడ్డా. మీ అమ్మ చీర నీకు మంచిగున్నది."

ఎందుకు రాలేదని మాత్రం అడగలేదు. అలా అడగకపోవడం దానికి నేనే అలవాటు చేశాను. నువ్వుంటే నన్ను నోరారా తిట్టేదానివి.